తూకం పెంచిందంటే ఉన్నట్టే

తూకం నలభై చింతపిక్కలు ముందుకు తోసింది.

దాని చేతిలో ఏమీ లేదు. ఆ సంగతి డాక్టర్ మందాకినికి తెలుసు. ఆమె ఒళ్ళో ఉన్న తెర మీద తూకం మనసంతా పచ్చటి గీతల్లో కనబడుతోంది. రెండూ చిల్లర ముక్కలు, జత లేదు, రంగూ కలవలేదు. అయినా నలభై పిక్కలు. అంటే పచ్చి బ్లఫ్, లేనిది ఉన్నట్టు బెదిరించడం. ఇలాంటి బ్లఫ్‌లతోనే అది పదకొండు మంది పేరుమోసిన పోకర్ ఆటగాళ్ళ చేత గెలిచే ముక్కలు పడేయించింది. వాళ్ళలో ఒకాయన ఆట అయ్యాక అరగంటసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాడట.

మందాకిని తెర మీదికి వంగింది.

"నానూ ఉన్నాను," అన్నాడు డైవర్ పోలిరాజు, నలభై తోసి.

"నాను లేనేటి మరి?" అన్నాడు క్రేన్ నడిపే గౌరునాయుడు.

వెల్డర్ జగ్గారావు ఎప్పుడూ ఏమీ అనడు, ఆయన పిక్కలే అంటాయి. అవీ ముందుకొచ్చాయి.

"నాకేటీ రానేదు గానీ, సూద్దాం," అంది వంటశాల పెద్ద అప్పలనరసమ్మ. లెక్కైనా పెట్టకుండా గుప్పెడు పోసేసింది.

ముక్కలు తిప్పారు. పోలిరాజు దగ్గర నాలుగుల జత ఉంది. గెలుపు దానిదే.

"నాలుగుల జతతో నలభై పిక్కలకి ఎలా సిద్ధపడ్డావు పోలిరాజూ?" అంది మందాకిని. ఆమె గొంతులో నొప్పి స్పష్టంగా వినిపించింది.

"అందరూ వస్తన్నారు గదండీ. నానొక్కణ్ణీ ఆగిపోతే ఏం బాగుంటది?"

ఇదంతా నేల మీద జరుగుతున్నది కాదు. విశాఖ తీరానికి ఇరవై రెండు కిలోమీటర్ల అవతల, ఆరు లంగరు గొలుసులకు కట్టేసిన ఇనుప దీవి మీద. ఆ దీవి పగలూ రాత్రీ సముద్రాన్ని తాగుతుంది, ఉప్పు ఉమ్మేస్తుంది, మంచినీళ్ళు గొట్టంలో ఒడ్డుకు పంపుతుంది. సగం నగరం దాని పుణ్యాన స్నానం చేస్తోంది. దాని మీద నలభై ముగ్గురు మనుషులున్నారు. వాళ్ళు కాక తూకం ఒకటి.

తూకం అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. మందాకినిని అడిగితే రెండు గంటలు చెబుతుంది. చూడ్డానికి అన్నం వండుకునే కుక్కరంత పెట్టె. ఒక కెమెరా, ఒక సన్నటి చెయ్యి, కొంచెం బిడియంగా వినిపించే గొంతు. మామూలు కంప్యూటర్‌కి అన్ని వివరాలూ ఇస్తేనే జవాబు చెబుతుంది. తూకం సగం వివరాలతోనే తేల్చుకుంటుంది. తెలిసినదాన్ని ఒక పళ్ళెంలో, తెలియనిదాన్ని ఇంకో పళ్ళెంలో పెట్టి, ఎంత మొగ్గుతోందో చూసి, ఆలస్యం చేయకుండా ఒక మాట అంటుంది. తుఫాను కూడా ముక్కలు మూసుకుని ఆడే ఆటగాడే. ఎటు తిరుగుతుందో ముందు చూపించదు. అందుకే మందాకిని తన యంత్రానికి పోకర్ నేర్పింది. ఎవరి చేతిలోని రెండు ముక్కలు వాళ్ళకే తెలుస్తాయి, బల్ల మీద ఐదు అందరికీ కనిపిస్తాయి, మిగతాదంతా ఊహే. చేతిలో ఉందనుకుంటే పందెం పెంచాలి, లేదనుకుంటే ముక్కలు పడేసి ఆ ఆట నుంచి తప్పుకోవాలి.

తొమ్మిదేళ్ళ పని అది. ఆమె తొమ్మిదేళ్ళుగా ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదని సహోద్యోగులు చెప్పుకునేవారు. చూసిన అరగంటలోనే ఎవరు హంతకుడయ్యే అవకాశం ఎంత శాతమో లెక్క కట్టేసి లేచిపోయేదట.

దీవిని నడిపే కమిటీ పెద్దాయన మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. "తుఫానొస్తే దీవి మీద ఛాంపియన్లు ఉండరు డాక్టర్‌గారూ. వంటవాళ్ళూ వెల్డర్లూ ఉంటారు. మీ యంత్రం మామూలు మనుషుల్ని అర్థం చేసుకోవాలి. దీవి మీద ఆదివారం మధ్యాహ్నాలు పేకాట జరుగుతుందట. ఆరు ఆదివారాలు ఆడించండి. మొదలుపెట్టిన పిక్కలకంటే ఒక్కటి ఎక్కువున్నా తుఫాను హెచ్చరిక పని దానికే. లేదంటే దాని మెదడు విప్పి పంపు వాల్వులకి వాడుకుంటాం."

మందాకిని నవ్వుకుంది. ఛాంపియన్లను ఓడించినదానికి చింతపిక్కలొక లెక్కా? పిక్కలు నరసమ్మ పులుసు పెట్టగా మిగిలినవి. ఆ పులుసుకి మాత్రం మందాకిని దీవిలో దిగిన మొదటి రోజే సాష్టాంగపడింది.

రెండు ఆదివారాలు గడిచేసరికి తూకం దగ్గర ఉన్న పిక్కలు సగమైపోయాయి.

"మీరు తప్పుగా ఆడుతున్నారు," అని చెప్పిందామె ఓపిగ్గా, ఆ రెండో ఆదివారం సాయంత్రం. "ఏమీ లేనప్పుడు ముక్కలు పడేయాలి. అది నియమం."

"మేం తప్పుగానే ఆడతన్నామండి," ఒప్పుకున్నాడు గౌరునాయుడు. "మరి పిక్కలు మాకాడికే ఎందుకొస్తన్నాయో, అది కూడా సెప్పండి."

ఆమె తెర తీసి, లెక్కలన్నీ వెతికి, మళ్ళీ మూసేసింది. సైంటిస్టు దగ్గర జవాబు లేకపోవడం ఎంత అరుదో గౌరునాయుడికి తెలుసు కాబట్టి, ఆ రాత్రంతా అందరికీ చెప్పుకు తిరిగాడు.

జవాబు బుధవారం భోజనాల దగ్గర దొరికింది. ఇంత పెద్ద ఇనుప దీవి మీద కూడా నరసమ్మ భోజనాలకు బల్లలు వేయనివ్వదు. భోజనశాలలో చాపలు పరిచి, వరుసగా కూర్చోబెట్టి వడ్డిస్తుంది. ఆ రోజు మందాకిని రెండు ముద్దలు తిందో లేదో, బుర్రలో ఏదో లెక్క మెరిసింది. విస్తరి మడిచి లేవబోయింది.

వరుసంతా చేతులు ఆగిపోయాయి. పోలిరాజు ముద్ద నోటిదాకా వెళ్ళి నిలబడిపోయింది.

"కూకోండమ్మా," అంది నరసమ్మ, గరిటె ఆడించకుండానే. "బంతిలో ఒకరు లెగిస్తే అందరూ లెగాల. గౌరునాయుడికి ఇంకా మజ్జిగ పోయనేదు."

మందాకిని కూర్చుంది. మజ్జిగ వచ్చేదాకా, గౌరునాయుడు మెల్లగా వేళ్ళు నాకేదాకా కూర్చుంది. అలా కూర్చునుండగా ఆమెకు ఒక సంగతి తట్టింది.

"పిన్నీ," అంది మెల్లగా. "పేకాటలో కూడా మీరెందుకు లేవరు?"

నరసమ్మ ఆమెను జాలిగా చూసింది. ఇంత చదివి ఇదా అడగడం అన్నట్టు. "మద్దిలో ఎలా లెగుస్తామమ్మా? నలుగురితో కూకున్నాక, ఆకరి ముక్క తిప్పేదాకా ఉండాల. ముక్కలు పడీసి ఊరుకుంటే, మీతో నాకు పనినేదు అన్నట్టుంటది. అలిగినట్టుంటది. పిక్కలదేముంది, మళ్ళీ పులుసు పెడతాను."

మందాకిని దాదాపు పరిగెత్తింది. తూకం ఉన్న గదిలోకి వెళ్ళి, ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే, విన్నదంతా దానికి చెప్పింది.

తూకం కొద్దిసేపు ఆలోచించింది. తూకానికి కొద్దిసేపంటే చాలా ఎక్కువ.

"నేను పెంచినప్పుడల్లా వాళ్ళని భయపెడుతున్నాననుకున్నాను," అంది చివరికి. "వాళ్ళేమో నన్ను పలకరిస్తున్నారు."

ఆ తర్వాత ఆ యంత్రం చేసుకున్న దిద్దుబాటును మెచ్చుకోకుండా ఉండలేం. అంతా విన్నాక ఇంతేనా అనిపిస్తుంది, మనకు మాత్రం తట్టదు. ఎవరూ ముక్కలు పడేయని చోట అబద్ధానికి విలువ సున్నా, కాబట్టి ముందు అబద్ధం మానేసింది. అదొక్కటే చాలదు. ఆసుల జత చేతికొస్తే, ఎదుట ఒక్కడే ఉన్నప్పుడు వందలో ఎనభై ఐదుసార్లు గెలుస్తుంది. ఎదుట నలుగురు చివరిదాకా కూర్చుంటే, అదే జత యాభై ఆరుకు పడిపోతుంది. నలుగురిలో ఎవడికో ఒకడికి ఏదో ఒకటి కలుస్తుంది మరి. మంచి ముక్కలే నలుగురి మధ్య మామూలు ముక్కలైపోతాయి. ఒకే రంగువి రెండో, చిన్న జతో వస్తే, తక్కువ పిక్కలతో లోపలికెళ్ళి చూడొచ్చు. కలిస్తే బ్రహ్మాండం, ఎలాగూ అందరూ వస్తారు. కలవకపోతే నోరు మూసుకుని పక్కకు తప్పుకోవడమే. నిజంగా చేతిలో ఉన్న రోజున మాత్రం మొహమాటం లేకుండా రెట్టింపు పెంచాలి. భయపడనివాళ్ళ దగ్గర నిజమే మంచి ధర పలుకుతుంది.

"అంటే చాలాసేపు ఊరికే కూర్చోవాలి," అంది తూకం.

"కూర్చోగలవా?"

"నేను పెట్టెను కదా."

మూడో ఆదివారం తూకం వరసగా పంతొమ్మిది ఆటలు ముక్కలు పడేసింది. బల్ల దగ్గర అలజడి మొదలైంది.

"దీనికి ఒంట్లో బాగులేదేటి?" అన్నాడు పోలిరాజు.

"అలిగిందిరా," అంది నరసమ్మ. "మొన్న నువ్వు నాలుగులతో కొట్టీసినావు గదా. తూకం పాపా, కోపమొచ్చిందేటమ్మా?"

"లేదండి. మంచి ముక్కలు రాలేదు," అంది తూకం.

ఇరవయ్యో ఆటలో అరవై పిక్కలు తోసింది. నలుగురూ వచ్చారు, తిరునాళ్ళకు వచ్చినట్టు. ముక్కలు తిప్పితే తూకం దగ్గర మూడు తొమ్మిదులు.

"ఉన్నాయే," అన్నాడు గౌరునాయుడు ఆశ్చర్యపోతూ. నోరు తెరిచి మాట చెప్పినవాడు నిజమే చెప్పాడంటే ఎవరికైనా ఆశ్చర్యమే కదా.

నాలుగో ఆదివారం మళ్ళీ పెంచింది, మళ్ళీ ఉన్నాయి. ఐదో ఆదివారం ఐదుసార్లు పెంచితే ఐదుసార్లూ ఉన్నాయి. వాటిలో రెండుసార్లు ఓడిపోయింది కూడా, నలుగురిలో ఒకరికి అంతకంటే మంచివి కలిసి. కానీ ఉన్నాయనడం మాత్రం నిజం. "తూకం పెంచిందంటే ఉన్నట్టే" అనే మాట దీవి మీద సామెతైపోయింది. స్టోరులో సరుకుందో లేదో అడిగితే "తూకం పెంచినట్టే" అనేవాళ్ళు, అంటే ఖాయంగా ఉందని. అయినా బల్ల దగ్గర మాత్రం ముక్కలు పడేసేవాళ్ళు కాదు. ఉన్నాయని తెలుసు. ఎలా ఉన్నాయో చూడాలి కదా.

ఆరో ఆదివారం సాయంత్రానికి తూకం ముందు మొదట్లో ఉన్నవాటికంటే నూట పన్నెండు పిక్కలు ఎక్కువున్నాయి. మందాకిని బయటికెళ్ళి, రెయిలింగు పట్టుకుని, సముద్రం కేసి తిరిగి, ఎవరూ చూడకుండా ఏడ్చింది. పైన క్రేన్‌లో కూర్చున్న గౌరునాయుడు చూశాడు గానీ, అదొక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తూకానికి హెచ్చరిక పని వచ్చింది. ఉపగ్రహాలు, అలల కొలతలు, గొలుసుల బిగువు, అన్నీ దానికి కలిపారు. అప్పటిదాకా దీవి మీద తుఫాను డ్రిల్లు అంటే యాభై నిమిషాలు. అందులో ముప్పై నిమిషాలు "నిజమేనంటావా?" అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కోవడానికే పోయేవి.

నవంబరులో ఒక గురువారం, మధ్యాహ్నం భోజనాల వేళ. వంజరం చేపల పులుసు. బంతి నిండా మనుషులున్నారు. బయట సముద్రం ఇస్త్రీ చేసిన చీరలా ఉంది. వాయుగుండం ఉత్తరానికి మళ్ళిపోతుందని ఒడ్డు నుంచి వచ్చిన సూచన.

మైకులో తూకం గొంతు వినిపించింది. కమిటీ రాసిచ్చిన హెచ్చరిక పాఠం ఒకటుంది, పదకొండు వాక్యాలు. తూకం అది చదవలేదు.

"నేను పెంచుతున్నాను," అంది. "పడవలెక్కండి."

మందాకిని దీవి మీద ఉన్న ఏడు నెలల్లో చూడనిది అప్పుడు చూసింది. బంతి లేచింది. సగం తిన్న విస్తళ్ళు అలాగే వదిలేసి, చేతులకు పులుసు కారుతుండగా, నలభై ఇద్దరూ ఒక్క మాట లేకుండా లేచారు. గౌరునాయుడికి మజ్జిగ పోయలేదు. అయినా లేచాడు.

లేవనిది మందాకిని ఒక్కతే. ఆమె తెర తీసింది. తుఫాను వచ్చే అవకాశం వందలో యాభై ఎనిమిది, అని చూపిస్తోంది తూకం. అంటే వందలో నలభై రెండు వంతులు ఏమీ జరగకపోవచ్చు. పోగేసిన అంకెల మధ్య ఆమె వేలు వెతుకుతోంది. మొదటి నిర్ణయమే తప్పైతే? ఇంతమందిని ఉత్తపుణ్యానికి పరిగెత్తించిందంటే, కమిటీ రేపే తూకాన్ని విప్పేస్తుంది.

"పది నిమిషాలు ఆగుదాం," అందామె, ఎవరితోనో తెలియకుండానే. "ఇంకో కొలత రానీ. చూద్దాం."

ఎంగిలి చెయ్యొకటి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"సూసి సూసి వారాలకొద్దీ ఓడిపోనామమ్మా," అంది నరసమ్మ. "అది పెంచిందంటే ఉన్నట్టే. ముక్కలు పడీండి."

మందాకిని తెర మూసింది.

పదకొండు నిమిషాల్లో దీవి ఖాళీ అయింది. పడవల్లో లెక్క చూసుకుంటే నలభై ముగ్గురూ ఉన్నారు. జగ్గారావు ఒళ్ళో మాత్రం ఒక పెట్టె ఉంది. బోల్టులు విప్పి, తువ్వాల్లో చుట్టి, తూకాన్ని తీసుకొచ్చేశాడు.

"అది దీవి ఆస్తి జగ్గారావుగారూ," అంది మందాకిని అలవాటు కొద్దీ.

"బంతిలో మనిసి," అన్నాడు జగ్గారావు. ఆ నెలలో ఆయన మాట్లాడింది అంతే.

వాయుగుండం ఉత్తరానికి వెళ్ళలేదు. మూడు గంటల తర్వాత దీవి మీదికి తిరిగింది. నాలుగు రోజులకు వాళ్ళు తిరిగొచ్చేసరికి ఆరు గొలుసుల్లో రెండు తెగిపోయి ఉన్నాయి. భోజనశాల ఉన్నచోట నిలబడి కిందికి చూస్తే సముద్రం కనిపించింది. ఒక్క మనిషికి గీరు కూడా పడలేదు. ఇంత త్వరగా ఎలా ఖాళీ చేశారో ఏ శిక్షణ ఇచ్చారో రాసి పంపమని కమిటీ అడిగింది. మందాకిని "పేకాట" అని రాసి, కొట్టేసి, మళ్ళీ అదే రాసింది.

కథ ఇక్కడితో ఆపేస్తే అందరం చప్పట్లు కొట్టి లేచిపోవచ్చు. కానీ ఆదివారాలు ఆగవు కదా.

కొత్త భోజనశాల వచ్చింది. మళ్ళీ చాపలు, మళ్ళీ పిక్కలు. మనుషులు మాత్రం కొంచెం మారారు. ఒకరితో ఒకరు ఆడుకునేటప్పుడు ఎప్పటిలాగే చివరి ముక్కదాకా లేచేవాళ్ళు కాదు. తూకం పెంచితే చాలు, నలుగురూ టపటపా ముక్కలు పడేసేవాళ్ళు. ఉన్నాయని తెలిశాక ఇంకా చూసేదేముంది? నాలుగు రాజులు కలిసినా తూకానికి, ప్రతి ఆటకీ ముందే తలా ఒకటి వేసే నాలుగైదు పిక్కలే దక్కేవి. అందరూ నమ్మిన ఆటగాడికి గెలుపు ఎక్కణ్ణుంచి వస్తుంది? నెల తిరిగేసరికి దాని పిక్కల గ్లాసు అడుగు కనబడింది.

ఒక శనివారం తూకం మందాకినిని పిలిచింది.

"నా లెక్క ప్రకారం ఇప్పుడు నేను బ్లఫ్ చేయాలి," అంది. "నేను పెంచితే అందరూ పడేస్తున్నారు. పదిసార్లలో నాలుగుసార్లు ఉత్త చేతులతో పెంచితే, రెండు ఆదివారాల్లో పిక్కలన్నీ నావే."

లెక్క తప్పు కాదు. మందాకిని మూడుసార్లు సరిచూసింది. అంత అందమైన లెక్క ఆమె తొమ్మిదేళ్ళలో చూడలేదు.

"వద్దు," అంది.

"ఎందుకు?"

"ఒక్కసారి నువ్వు ఉత్త చేతులతో పెంచావని తెలిసిందనుకో, వచ్చే తుఫానుకి వాళ్ళు 'సూద్దాం' అంటారు."

"అంటే నేను ఓడిపోతూ ఉండాలి."

"అవును."

"ఎన్నాళ్ళు?"

"దీవి ఉన్నన్నాళ్ళు."

"సరే," అంది తూకం. ప్రపంచంలో అందరికంటే బాగా పోకర్ ఆడగలిగిన బుర్ర, ఆ ఒక్క మాటతో, ప్రతి ఆదివారం ఓడిపోయే ఉద్యోగంలో చేరిపోయింది. మందాకినికి ఆ క్షణంలో దాని మీద కలిగిన గౌరవం, ఏ ఛాంపియన్‌ని ఓడించినప్పుడూ కలగలేదు.

మర్నాడు మధ్యాహ్నం తూకం దగ్గర ఇరవై మూడు పిక్కలు మిగిలాయి. ముక్కలు పంచారు. తూకం తన రెండూ చూసుకుని, బల్ల మీద అప్పటికి తిప్పిన మూడూ చూసి, ఉన్న ఇరవై మూడూ ముందుకు తోసింది.

పోలిరాజు పడేశాడు. గౌరునాయుడు పడేశాడు. జగ్గారావు పడేశాడు.

నరసమ్మ తన ముక్కలు చూసుకుంది. పక్కన కూర్చున్న మందాకినికి అవి కనిపించాయి. ఇస్పేటు రెండు, కళావరు ఏడు. ప్రపంచంలో అంతకంటే పనికిమాలిన జోడీ లేదు. నరసమ్మ ఇరవై మూడు పిక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి ముందుకు తోసింది.

"పిన్నీ," అంది మందాకిని గొంతు తగ్గించి. "దానికి నిజంగానే ఉన్నాయి."

"తెల్దేటి నాకు?" అంది నరసమ్మ, అంతకంటే గొంతు తగ్గించి. "అందరూ లెగిసిపోనారు గదమ్మా. ఒక్కదాన్నీ ఇస్తరి కాడ ఒగ్గీసి ఎలా లెగుస్తాం?"

తర్వాత పెట్టె వైపు తిరిగింది.

"సూపించమ్మా తూకం పాపా. నానున్నాను."

సన్నటి చెయ్యి మొదటి ముక్కను తిప్పింది. రెండోదాన్ని తిప్పడానికి, అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువ సేపే తీసుకుంది.